నలభై మూడో గడి

నేను నెత్తురు ఎక్కియ్య.
ఎక్కిన నెత్తురు ఎన్నిగొట్టంగ ఎక్కిందో రాస్త.
హన్మకొండల మా దవాఖాన మెట్ల కింద
ఒక కంప్యూటరు, ఊగే కుర్చీ, ట్యూబులైటు మీద బల్లి.
మనిషికి నలభై మూడు గడులు.

ఊరు. వయసు.
ఎందుకు కారింది: కాన్పా, లారీయా, బొగ్గుబాయిల కూలిన కప్పా.
బ్లడ్ బ్యాంకుకు ఫోను ఎన్నిగొట్టంగ పోయింది,
మొదటి సంచి ఎన్నిగొట్టంగ తగిలించిండ్రు.
ఎర్రకణాలు ఎన్ని, ప్లాస్మా ఎన్ని,
ఒంటి వేడి ఎంత.
చివరిది అన్నిట్ల చిన్నది:
బతికితే ఒకటి, పోతే రెండు.

పేరుకు గడి లేదు.

"తెలువకుంటే తెలువదని రాయి ఓదెలూ,
అందాజగ మాత్రం రాయకు" అన్నది రఫియా మేడం
మొదటి రోజే.
మత్తు డాక్టరు. నిద్ర చాలని కండ్లు.

నూట పదిహేడో నంబరు మంగపేట దిక్కు నుంచి వచ్చింది.
ఇరవై రెండేండ్లు, తొలుసూరు.
ములుగుల 108 బండి మారింది.
బిడ్డ ఏడుస్తుంది, తల్లి తెల్లగైతుంది.
ఫోను ఒకటి యాభై రెండు.
చీటి మీద సంతకం లేదని ఒకసారి వాపసు,
ఫ్రిజ్ గది తాళం ఉన్నాయన పైఅంతస్తుల ఉన్నడని ఇంకోసారి,
సంచి తగిలేసరికి రెండు నలభై ఏడు.
గ్రిల్లు పట్టుకొని పెనిమిటి "సునీలా, సునీలా" అంటుంటే
గట్ల నాకు పేరు తెలిసింది.
వేడి గడిల ముప్పై మూడు పాయింట్ ఎనిమిది.
రెండు కొట్టిన.
ఎంటర్ నొక్కిన.
ఆ చప్పుడు మిగతా చప్పుళ్ల లెక్కనే ఉంటది.

కోపమొచ్చేది నాకు.
సచ్చినోళ్ల టైములు రాసుకుంట కూసుంటే
బతికేదెవరని.
డాక్టర్లు సుత అనేటోళ్లు: ఆమె నసీబు, ఆయన నసీబు.
ఒక్కొక్కరిని విడిగ చూస్తే నిజమే అనిపిస్తది.
రెండొందల వరుసలైనంక
మేడం అచ్చు తీసి గోడకు అతికిచ్చింది.
ఒక్కటైతే తలరాత.
రెండొందలైతే మన చేతిరాత.

ఒక అంతస్తు నుంచి ఇంకో అంతస్తుకు
నెత్తురు గంట నడుస్తుంది.
చల్లబడి వచ్చినోళ్లకు ఎన్ని సంచులు పోసినా
గడ్డ కట్టుడు లేదు.
మేమేదో కొత్త మిషను కావాలనుకున్నం,
గోడ దుప్పటి అడిగింది.

ఇంకోటి సుత చెప్పింది, ఎవ్వలకు వినబుద్ధి గానిది:
అక్కెర లేకున్నా ఎక్కిచ్చిన సంచులు ముప్పై ఆరు.
హుజూరాబాద్ కాలేజి పిల్లలు
చెయ్యి చాపి ఇచ్చిన నెత్తురు.

ఇప్పుడు కాన్పుల వార్డుల చిన్న ఫ్రిజ్,
నాలుగు ఓ గ్రూపు సంచులు. తాళం లేదు.
సంతకం తర్వాత.
బండ్లల్ల పరకాల అంగడిల కొన్న కంబళ్లు.
కరిగించిన ప్లాస్మా అప్పుడప్పుడు పారబోస్తం,
అది సుత రాస్త.

రెండొందల అరవై మూడు: నర్సంపేట, కాన్పు,
ఫోను నుంచి సంచికి పదకొండు నిమిషాలు.
ఒకటి.
వారంల కొంగు కింద బిడ్డను కప్పుకొని పోయింది.
తనకంటే ముందు ఎవరు వచ్చి పోయిండ్రో
ఆమెకు ఎవ్వలు చెప్పలే.

నిన్న సునీల పెనిమిటి వచ్చిండు,
మరణపత్రంల ఊరి పేరు తప్పు వడ్డదని.
చంకల పిల్ల, సీసా రబ్బరు కొరుకుతుంది.
"నా పెండ్లాం గురించి మీరేం రాసుకున్నరు?"
చూపియ్యొద్దు. చూపిన.
రెండు టైముల మీద వేలు వెట్టి
పెదవులు కదుపుకుంట లెక్క తీసిండు.
"యాభై ఐదు నిమిషాలు."
ఆఁ.
"గిప్పుడు ఎంత పడుతుంది?"
పదకొండు, పన్నెండు. ఒక్కోసారి ఇరవై.
గోడ వంక చూసిండు చానాసేపు.
పిల్లను ఇంకో చంకకు మార్చుకున్నడు.
"ఏటూరునాగారం బస్సు ఎన్నిగొట్టంగ?"

తెలువదు.
తెలువదనే చెప్పిన.